లాప్‌టాపులో గ్రాఫిక్స్ కార్డు మార్చవచ్చునా?

పదవ తరగతి దాటి పాలిటెక్నిక్‌లోను, ఇంటరు దాటి ఇంజనీరింగులోను చేరే పిల్లలకు ఈ రోజులలో పుస్తకాలతోపాటు లాప్‌టాపు కూడా కొనవలసి వస్తున్నది. మధ్యతరగతి ఇంటికి అది చిన్న ఖర్చు కాదు. చాలామంది వాయిదాల మీద కొంటున్నారు. విడిగా గ్రాఫిక్స్ చిప్పు ఉన్న యంత్రానికి, లేని యంత్రానికి వెలలో వేల రూపాయల తేడా ఉంటుంది. అందుచేత తల్లిదండ్రులు సహజంగానే ఒక మధ్యేమార్గం ఆలోచిస్తారు: "ఇప్పటికి మామూలుది కొందాం. రెండేళ్ల తరువాత, వాడి చదువుకు అవసరమైనప్పుడు, అందులో పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయిద్దాం." బేరం తెగడమే ముఖ్యమనుకొనే దుకాణదారు ఎదురుపడితే, "దానికేముందండీ, ఎప్పుడైనా వేయించుకోవచ్చు" అంటాడు.

అలా వేయించుకోవడం కుదరదు. దాదాపు అన్ని లాప్‌టాపుల విషయంలోను జవాబు ఇదే. చాలా యంత్రాలలో ర్యామ్ పెంచుకోవచ్చును. హార్డ్ డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేసుకోవచ్చును. మరి గ్రాఫిక్స్ దగ్గరకు వచ్చేసరికి ఈ అడ్డంకి ఎందుకు? కంపెనీల స్వార్థమే కారణమని కొందరు సులభంగా తేల్చివేస్తారు. స్వార్థం పాలు కొంత ఉంటే ఉండవచ్చును గాని, ముఖ్యమైన కారణాలు మన భౌతికశాస్త్రపు పాఠాలలోనే దొరుకుతాయి. ఉష్ణవ్యాకోచం, గుప్తోష్ణం, విద్యుత్ సామర్థ్యం, తీగలో సంకేతం ప్రయాణించే వేగం: ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇవేవీ కొత్త కావు.

కరణంగారు, నాట్ల ముఠా

ముందుగా ఈ భాగం చేసే పని ఏమిటో చూద్దాం. తెర మీద కనిపించే బొమ్మ అంతా చుక్కల కూర్పు. సాధారణమైన లాప్‌టాపు తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి, మొత్తం 20,73,600. బొమ్మ సాఫీగా కదలాలంటే ఈ చుక్కలన్నింటికీ సెకండుకు 60 సార్లు రంగు నిర్ణయించాలి. అనగా సెకండుకు పన్నెండు కోట్ల నలభై నాలుగు లక్షల పైచిలుకు నిర్ణయాలు. ఆ బొమ్మ ఒక ఆటలోనిదో, కట్టబోయే వంతెన నమూనాయో అయితే, ఒక్కొక్క చుక్క దగ్గర వెలుగు ఎటునుంచి పడుతున్నది, ఏ వస్తువు ముందున్నది, నీడ ఎక్కడ అనే లెక్కలు అదనం.

కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసరు పాతకాలపు కరణంగారి వంటిది. ఎంత చిక్కు లెక్కైనా తేల్చగలదు. కాని ఒకేసారి ఎనిమిదో, పదహారో లెక్కలు పట్టుకోగలదు, అంతే. గ్రాఫిక్స్ ప్రాసెసరు వరినాట్ల ముఠా వంటిది. వరుసగా నిలబడినవారందరూ చేసేది ఒకటే పని, చిన్న పని; కాని అందరూ ఒక్కసారిగా చేస్తారు. సాయంత్రానికి మడి పచ్చబడుతుంది. కరణంగారిని ఒక్కరినే మడిలోకి దించితే ఏమవుతుందో పల్లెటూరి విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. ఈ ముఠాలో ఎందరుంటారంటే, 2023లో వచ్చిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 4090 లాప్‌టాపు చిప్పులో 9,728 చిన్న గణన విభాగాలున్నాయి.

కృత్రిమ మేధకు కూడా ఈ చిప్పులే కావలసి రావడానికి కారణం ఇదే. అక్కడ జరిగేది ముఖ్యంగా మాత్రికల గుణకారం; వేలకొద్దీ చిన్న గుణకారాలు, కూడికలు ఏకకాలంలో చేయాలి.

పేరుకే కార్డు

"గ్రాఫిక్స్ కార్డు" అనే మాట మేజా మీది పెద్ద కంప్యూటరు నుంచి వచ్చింది. దానిలో మదర్‌బోర్డు మీద పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అనే పొడవాటి స్లాటు ఉంటుంది. కార్డును అందులో గుచ్చుతారు, ఒక స్క్రూ బిగిస్తారు. ఆ స్లాటు 75 వాట్ల వరకు విద్యుత్తు ఇస్తుంది. చాలకపోతే విద్యుత్తు పెట్టె నుంచి వేరే తీగ తెచ్చి తగిలిస్తారు. ఆరు పిన్నుల తీగ మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తాయి. కార్డుకు దాని ఫాన్లు, దాని లోహపు రెక్కలు దానికే ఉంటాయి. పెట్టెలో ఖాళీ స్థలం ఉంటుంది. స్లాటు కొలతలు, పిన్నుల వరుస అన్ని కంపెనీలకూ ఒకటే. కనుక అక్కడ కార్డు మార్చడం పది నిమిషాల పని, చేయి తిరిగిన విద్యార్థి తానే చేసుకోగలడు.

లాప్‌టాపు మూత విప్పి చూస్తే అటువంటి కార్డేమీ కనిపించదు. తక్కువ వెల యంత్రాలలో గ్రాఫిక్స్ భాగం ప్రధాన ప్రాసెసరుతో కలిసే ఉంటుంది. ఇంటెల్ కంపెనీ 2011లో తెచ్చిన శాండీ బ్రిడ్జ్ తరంలో ఆ రెండూ ఒకే సిలికాన్ ముక్క మీద చెక్కబడి వచ్చాయి. ఒక ముక్కలోని సగాన్ని ఊడదీయడం ఎలాగూ సాధ్యం కాదు. ఎక్కువ వెల యంత్రాలలో గ్రాఫిక్స్ చిప్పు విడిగా ఉంటుంది గాని, మదర్‌బోర్డుకే టంకం పెట్టి ఉంటుంది. దాని చుట్టూ దాని మెమొరీ చిప్పులు, అవీ టంకంతోనే. అమ్మేవారు దానిని కూడా అలవాటుగా "కార్డు" అనే అంటారు. చిక్కంతా ఈ మాట దగ్గరే మొదలవుతున్నది.

టంకం కరిగించి మార్చరాదా?

చురుకైన విద్యార్థి వెంటనే అడుగుతాడు: టంకం పెట్టినదానిని కరిగించి తీయవచ్చును గదా! సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులలో "చిప్ లెవెల్ సర్వీసు" బోర్డులు కనిపిస్తాయి గదా!

తీయవచ్చును. చిప్పు అడుగున కాళ్లు ఉండవు. ఆవగింజకంటె చిన్నవైన టంకపు గుండ్లు చదరంగపు గళ్లలో పేర్చినట్లు వందలకొద్దీ, పెద్ద చిప్పులకు వేయికి పైగా ఉంటాయి. సీసం కలిసిన పాత టంకం 183 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగేది. సీసం విషం కనుక ఐరోపా దేశాలు 2006లో దానిని ఇటువంటి పరికరాలలో నిషేధించాయి. ఇప్పుడు వాడే తగరం, వెండి, రాగి మిశ్రమం సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పనివాడు బోర్డును కిందనుంచి వేడిచేస్తూ, పైనుంచి వేడి గాలి ఊది, గుండ్లన్నీ ఒకేసారి కరిగిన క్షణంలో చిప్పును ఎత్తాలి. కొత్త చిప్పుకు కొత్త గుండ్లు పేర్చి మళ్లీ కూర్చోబెట్టాలి. దీనినే వారు రీబాలింగ్ అంటారు. గొప్ప నేర్పరితనం కావలసిన పని; మన పనివారిలో ఆ నేర్పు ఉన్నవారు ఉన్నారు.

కాని ఇది మరమ్మతు. పాడైన చిప్పు తీసి అదే రకం చిప్పు పెట్టడం. ఇంకొక తరం పెద్ద చిప్పు తెచ్చి పెట్టబోతే గుండ్ల వరుసే కలవదు. ఒకవేళ కలిసినా మెమొరీ చిప్పుల సంఖ్య, వాటికి వెళ్లే తీగల సంఖ్య వేరు. విద్యుత్తును ఒకటి, ఒకటిన్నర వోల్టుల స్థాయికి తగ్గించి ఇచ్చే భాగాలు పాత చిప్పు కొలతకే అమర్చి ఉంటాయి. మదర్‌బోర్డులో నిక్షిప్తమైన బయోస్ ప్రోగ్రాముకు కొత్త చిప్పు అపరిచితమైనది. అన్నీ మార్చుకుంటూ పోతే చివరకు మార్చవలసింది మదర్‌బోర్డునే. దాని వెల దాదాపు మరొక లాప్‌టాపు వెల.

టంకం మాట వచ్చింది కనుక ఒక సంఘటన చెప్పుకోవాలి. 2008 జూలైలో ఎన్విడియా కంపెనీ తన లాప్‌టాపు గ్రాఫిక్స్ చిప్పులలో కొన్ని మామూలుకంటె ఎక్కువగా చెడిపోతున్నాయని ప్రకటించి, వాటి మరమ్మతుల ఖర్చు కింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. లోపం సిలికాన్‌కూ దాని కింది ఫలకానికీ మధ్య వాడిన పదార్థాలలో ఉన్నదని తేలింది. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క చేయించవచ్చును. సిలికాన్ దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీకి సుమారు పది లక్షలలో 2.6 వంతులు. చిప్పును మోసే ఫలకానిది సుమారు 15 వంతులు. చిప్పు పొడవు 20 మిల్లీమీటర్లు, ఆటకు కూర్చున్నప్పుడు పెరిగే వేడి 60 డిగ్రీలు అనుకుందాం. సిలికాన్ 3 మైక్రానులు పెరుగుతుంది, ఫలకం 18 మైక్రానులు పెరుగుతుంది. ఆ 15 మైక్రానుల తేడాను మధ్యనున్న సన్నని టంకపు బొడిపెలే భరించాలి. యంత్రం వేడెక్కినప్పుడల్లా ఒకవైపు, చల్లారినప్పుడల్లా మరొకవైపు. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్లే, కొన్ని వేలసార్లు అయిన తరువాత బొడిపెలో పగులు పుడుతుంది. దీనిని తట్టుకోవడానికి వాటి మధ్య ఒక జిగురు నింపుతారు. ఆ జిగురు గుణం సరిగా లేకపోతే ఎంత పెద్ద కంపెనీ చిప్పైనా ఆగిపోతుంది.

తొమ్మిది మిల్లీమీటర్లలో ఒక సంకేతం

ఇంతకూ టంకం పెట్టడం ఎందుకు, చిన్న స్లాటు పెట్టరాదా అన్నది అసలు ప్రశ్న. యంత్రం పలుచగా ఉండాలని కొనేవారే కోరుతున్నారు. స్లాటు పెడితే మందం పెరుగుతుంది. ఇది అందరికీ తెలిసిన కారణం. అంతగా తెలియని కారణం మరొకటి ఉన్నది.

గ్రాఫిక్స్ చిప్పుకూ దాని మెమొరీకీ మధ్య ఒక్కొక్క తీగ మీద సెకండుకు 1600 కోట్ల సంకేతాలు నడవడం ఇప్పుడు సాధారణం. అనగా ఒక సంకేతానికి దక్కే కాలం ఒక సెకండును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 62.5 భాగాలు. బోర్డు మీద రాగి గీతలో సంకేతం సుమారు కాంతివేగంలో సగం వేగంతో పోతుంది. ఆ కొద్ది కాలంలో అది పోగలిగిన దూరం తొమ్మిది మిల్లీమీటర్ల పైచిలుకు, మన చిటికెన వేలి గోరు అంత. తీగలో ఒక సంకేతం తల ముందుకు పోతుండగానే దాని తోక వెనుక మరొకటి బయలుదేరుతున్నదన్నమాట. ఇటువంటి దారిలో ఒక అతుకు వచ్చిందంటే, గోడకు తగిలిన కేక ప్రతిధ్వనించినట్లు, సంకేతంలో కొంత భాగం వెనక్కి పరావర్తనం చెంది తరువాతి సంకేతాలను కలుషితం చేస్తుంది. అందుకే మెమొరీ చిప్పులను గ్రాఫిక్స్ చిప్పుకు ఆనించినంత దగ్గరగా పెట్టి టంకం వేస్తారు. పెద్ద కంప్యూటరు కార్డులో కూడా ఈ భాగం టంకంతోనే ఉంటుంది; కార్డులోని మెమొరీని ఎవరూ పెంచుకోలేరు. చిప్పునుంచి ప్రధాన ప్రాసెసరుకు పోయే దారిలో మాత్రం అతుకు పెట్టవచ్చును, జాగ్రత్తగా చేస్తే. స్లాటు చేసేది ఆ పనే.

పది హార్స్‌పవర్ మోటారు

అన్నిటికంటె గట్టి అడ్డంకి విద్యుత్తు, దాని వెంట వచ్చే వేడి. బావి మీద మూడు హార్స్‌పవర్ మోటారు ఉన్న రైతు దానిని తీసి పది హార్స్‌పవర్‌ది పెట్టాలంటే మోటారు ఒక్కటి కొంటే సరిపోదు. స్టార్టరు మార్చాలి, సర్వీసు వైరు మార్చాలి, గొట్టం మార్చాలి. ట్రాన్స్‌ఫార్మరు మోయగలదో లేదో అడగాలి. లేకపోతే వైండింగు కాలుతుంది. లాప్‌టాపులోనూ ఇదే సంగతి.

మామూలు లాప్‌టాపు చార్జరు 65 వాట్లది. 20 వోల్టుల దగ్గర 3.25 ఆంపియర్లు. అందులోనే తెర, ప్రాసెసరు, బాటరీ నింపడం అన్నీ జరగాలి. పెద్ద కంప్యూటరుకు 2022లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 4090 కార్డు ఒక్కటే 450 వాట్లు తీసుకుంటుంది. ఇక బాటరీ సంగతి. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకుపోదగిన బాటరీ 100 వాట్ అవర్లకు మించరాదన్న నిబంధన వల్ల కంపెనీలు ఆ గీత దాటవు. 450 వాట్ల కార్డును ఆ బాటరీ మీద నడిపితే పావుగంట కూడా రాదు.

పోయిన విద్యుత్తు అంతా వేడిగానే బయటపడుతుంది. రెండు సెంటీమీటర్ల మందం యంత్రంలో ఆ వేడిని చిప్పు దగ్గరనుంచి అంచు దాకా చేరవేసేది చప్పిడిగా నొక్కిన రాగి గొట్టం. చూడడానికి ఉత్త గొట్టంలా ఉంటుంది గాని, లోపల గాలి తీసేసి రవంత నీరు పోసి మూసి ఉంటుంది. చిప్పు పక్కన నీరు ఆవిరి అవుతుంది, చల్లని కొసకు పోయి మళ్లీ నీరవుతుంది, గొట్టం గోడనున్న వత్తి వంటి పొర గుండా వెనక్కి వస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2300 జౌళ్లు కావాలి గదా! కనుక 100 వాట్ల వేడిని మోయడానికి సెకండుకు 0.04 గ్రాముల నీరు ఆవిరైతే చాలును. గుప్తోష్ణం పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే ఈ గొట్టాల సంఖ్య, వాటి వంపులు, ఫాను పరిమాణం ఆ యంత్రంలోని చిప్పు కొలతకే చేసి ఉంటాయి. రెట్టింపు వేడి ఇచ్చే చిప్పు పెడితే ఒక నిమిషంలో తానే వేగం తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న శక్తి చేతికి రాదు.

ఈ కారణం వల్లనే లాప్‌టాపు చిప్పు పేరు చూసి మోసపోరాదు. పెద్ద కంప్యూటరు 4090 కార్డులో 16,384 గణన విభాగాలు, 24 జి.బి. మెమొరీ ఉన్నాయి. అదే 4090 పేరుతో లాప్‌టాపులో వచ్చినదానిలో 9,728 విభాగాలు, 16 జి.బి. మాత్రమే, అది వేరే సిలికాన్ ముక్క. అయినా పని మరీ అంత తగ్గదు. చిప్పు తినే సామర్థ్యం ఉజ్జాయింపుగా పౌనఃపున్యానికి, వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండిటినీ ఇరవై శాతం తగ్గిస్తే 0.8 ఘనం, అనగా సుమారు 0.51 వస్తుంది. వేగం అయిదో వంతు తగ్గిస్తే విద్యుత్తు సగానికి సగం కలిసివస్తుంది. లాప్‌టాపు నిలబడి ఉన్నదే ఈ లెక్క మీద.

ప్రయత్నించినవారు

మార్చదగిన గ్రాఫిక్స్ పెట్టాలని ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 2004 ప్రాంతంలో ఎన్విడియా, మరికొన్ని కంపెనీలు ఎం.ఎక్స్.ఎం. అనే చిన్న కార్డు పద్ధతిని తెచ్చాయి. దాని మూడవ రూపంలో చిన్న కార్డు 82 మిల్లీమీటర్ల వెడల్పు, 70 పొడవు. పెద్దది 82, 105. డెల్ ప్రెసిషన్, హెచ్.పి. ఎలైట్‌బుక్ వర్క్‌స్టేషన్లలోను, క్లీవో యంత్రాలలోను ఇటువంటి కార్డులు వచ్చాయి. కొందరు ఔత్సాహికులు నిజంగానే మార్చుకున్నారు. కాని స్లాటు ఒకటైనా, స్క్రూల చోట్లు, రాగి ఫలక ఆకారం, బయోస్ కంపెనీకొక రకంగా ఉండిపోయాయి. విడి కార్డులు దుకాణాలకు చాలినన్ని రాలేదు. పద్ధతి పుస్తకంలో ఉన్నదే గాని బజారులో నిలదొక్కుకోలేదు.

2019లో డెల్ కంపెనీ ఏలియన్‌వేర్ ఏరియా 51 ఎం అనే బరువైన లాప్‌టాపును, ప్రాసెసరు, గ్రాఫిక్స్ రెండూ మార్చుకోవచ్చునన్న ప్రచారంతో విడుదల చేసింది. దానిలోని కార్డు ఆకారం డెల్ సొంతం. తరువాతి తరం చిప్పులు వచ్చినప్పుడు అవి ఈ యంత్రంలోకి రాలేదని, ప్రచారం తప్పుదారి పట్టించిందని ఆరోపిస్తూ 2021 జూన్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో ఒక వినియోగదారుడు దావా వేశాడు. ఖరీదైన యంత్రం కొన్నవారికే ఈ గతి పట్టినప్పుడు, మన బజారులో నోటిమాట మీద దొరికే హామీకి విలువ ఎంతో ఆలోచించవలసినదే.

ఇంతవరకు మాట నిలబెట్టుకున్నది అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ అనే చిన్న కంపెనీ. దాని 16 అంగుళాల లాప్‌టాపును 2023లో ప్రకటించి 2024 మొదట్లో అందించింది. గ్రాఫిక్స్ చిప్పు, మెమొరీ, రాగి గొట్టాలు, ఫాన్లు అన్నీ కలిపి ఒక పెట్టెగా వెనుకనుంచి జొనిపే ఏర్పాటు అది. మొదటిది ఎ.ఎం.డి. వారి రేడియాన్ 7700 ఎస్. 2025లో ఎన్విడియా 5070 పెట్టె వచ్చింది, పాత యంత్రానికి కూడా సరిపోయేటట్లు. రహస్యం ఎక్కడున్నదో గమనించండి. వారు చిప్పును మాత్రమే మార్చనీయలేదు. చిప్పుతోపాటు దాని శీతలీకరణను కూడా కలిపి మార్చనిచ్చారు. మోటారుతోపాటు స్టార్టరూ గొట్టమూ ఇచ్చినట్లు. అయినా రెండు పెట్టెలూ 100 వాట్ల చుట్టుపక్కలే, రెండిటికీ 8 జి.బి. మెమొరీయే. మన ఊళ్ల దుకాణాలలో మామూలుగా కనిపించే రకం యంత్రం కాదిది.

బయట పెట్టె

లోపల వీలుకానప్పుడు బయట పెట్టుకొనే ఉపాయం ఒకటి ఉన్నది. పెద్ద కార్డును దాని విద్యుత్తు పెట్టెతో సహా వేరే డబ్బాలో ఉంచి, ఒక తీగతో లాప్‌టాపుకు తగిలించడం. 2015లో వచ్చిన థండర్‌బోల్ట్ 3 దీనిని సులభం చేసింది. అది సెకండుకు 4000 కోట్ల బిట్లు మోస్తుంది. వినడానికి పెద్ద సంఖ్యే గాని, కార్డుకు దక్కేది నాలుగు వరుసల దారి. పెద్ద కంప్యూటరు స్లాటులో పదహారు వరుసలు. పెద్ద కాలువ నీరు పిల్లకాలువలో పంపినట్లు కొంత శక్తి వృథా అవుతుంది. బొమ్మను మళ్లీ లాప్‌టాపు తెరకే తెచ్చుకుంటే ఆ సన్నని దారిలోనే తిరుగు ప్రయాణం కూడా కనుక నష్టం ఎక్కువ. వేరే తెర పెట్టుకోవడం మేలు. కోలగా ఉండే సి రకపు రంధ్రం ఉన్నంతమాత్రాన థండర్‌బోల్ట్ ఉన్నట్లు కాదు, పక్కన మెరుపు గుర్తు ఉన్నదేమో చూడాలి. ఆపిల్ కంపెనీ తన మాక్ యంత్రాలకు 2018లో ఈ సదుపాయం ఇచ్చింది. 2020లో సొంత చిప్పులతో కొత్త మాక్‌లు తెచ్చినప్పుడు వాటిలో ఇవ్వలేదు.

డబ్బా, కార్డు, విద్యుత్తు పెట్టె, తెర అన్నీ కొన్నాక అయ్యే ఖర్చుకు ఒక మేజా కంప్యూటరే వచ్చేస్తుంది. నా అభిప్రాయంలో పెద్ద గ్రాఫిక్స్ పని నిజంగా ఉన్నవారు దానినే కొనడం మంచిది.

ఉన్నదానితో ఏమి చేయవచ్చును?

ఇంట్లో ఇప్పటికే మామూలు లాప్‌టాపు ఉన్నవారు నిరాశపడనక్కరలేదు. ప్రాసెసరులో కలిసి ఉన్న గ్రాఫిక్స్‌కు సొంత మెమొరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డి.డి.ఆర్. 4 రకం, 3200 వేగం ర్యామ్ ముక్క ఒక్కటే ఉంటే సెకండుకు 25.6 జి.బి. సరఫరా అవుతుంది. ఖాళీ స్లాటులో అటువంటిదే రెండవ ముక్క వేస్తే దారులు రెండై 51.2 జి.బి. అవుతుంది. బొమ్మల పని ఎక్కువగా ఈ సరఫరా మీదనే ఆధారపడుతుంది కనుక తేడా కంటికి కనిపిస్తుంది. నాకు తెలిసి తక్కువ ఖర్చుతో గ్రాఫిక్స్ బాగుపడే మార్గం ఇదొక్కటే. పోల్చి చూడడానికి చెబుతున్నాను: 2021లో వచ్చిన ఆర్.టి.ఎక్స్. 3050 లాప్‌టాపు చిప్పుకు దాని సొంత మెమొరీనుంచి వచ్చే సరఫరా సెకండుకు 192 జి.బి. కాబట్టి ర్యామ్ వేయించినంతలో అది ఇది కాదు.

విడి చిప్పు ఉన్న పాత యంత్రం మందగిస్తే ముందు ఫాను విప్పించి దుమ్ము తీయించాలి. చిప్పుకూ రాగి ఫలకకూ మధ్యనున్న పేస్టు ఎండిపోతే మార్పించాలి. చార్జరు తగిలించి పనిచేయాలి, బాటరీ మీద చిప్పు తన వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుంటే గాలి దారి మూసుకుపోతుంది. కృత్రిమ మేధ పాఠాలు నేర్చుకొనే విద్యార్థికి గూగుల్ కొలాబ్‌లో దూరాన ఉన్న గ్రాఫిక్స్ ప్రాసెసరును పరిమితంగా ఉచితంగా వాడుకొనే వీలున్నది. పాఠశాల స్థాయి పనులకు, మాటలు టైపు చేయడానికి, మామూలు ప్రోగ్రాములు వ్రాయడానికి ఇవేవీ అక్కరలేదు.

కొత్తది కొనేవారు మాత్రం నాలుగేళ్లకు సరిపడే గ్రాఫిక్స్ కొన్ననాడే ఉండాలని లెక్కవేసుకోవాలి. అది తరువాత కలిపే వస్తువు కాదు. "తరువాత వేయిస్తాం" అన్న దుకాణదారును ఏ భాగం వేస్తారో పేరు, నంబరు బిల్లు మీద వ్రాసి ఇమ్మని అడగండి. యంత్రంలో ఏమున్నదో అక్కడికక్కడే చూడవచ్చును. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరుచుకుంటుంది; అందులో పర్ఫార్మెన్స్ అనే చోట గ్రాఫిక్స్ ప్రాసెసర్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఒకటే పేరు ఉండి, అది ఇంటెల్ లేక రేడియాన్ గ్రాఫిక్స్ అన్న మామూలు పేరైతే విడి చిప్పు లేదన్నమాట. విడి చిప్పు ఉన్నప్పుడు వాట్లు కూడా అడగాలి. పైన చెప్పిన 3050 అన్న ఒక్క పేరుతోనే 35 వాట్ల యంత్రాలూ ఉన్నాయి, 80 వాట్ల యంత్రాలూ ఉన్నాయి. పనిలో వాటికి చాలా తేడా. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే చోట "మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్" అన్న మాటకు ఎదురుగా ఆ సంఖ్య ఉంటుంది.